కొత్త కెమెరాకి ఏ మెమరీ కార్డు? తీసిన ఫొటోలు ఎక్కడ దాచాలి?

మురళీనగర్_కిరణ్ | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సోనీ ఏ6400 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, కిట్ లెన్సుతో. అమ్మినాయన కార్డు తీసేసుకుని బాడీ ఇచ్చాడు. సాయంత్రం విశాఖలో డాబా గార్డెన్స్ వైపు ఒక షాపుకెళ్తే కౌంటరు మీద మూడు కార్డులు పరిచి "ఇది 95, ఇది 200, ఇది 300, ఎంత పెడితే అంత స్పీడు" అన్నాడు. మూడోదాన్ని తిప్పి చూస్తే వెనకాల పిన్నులు రెండు వరసలున్నాయి. దాని ధర విని ఏదీ కొనకుండానే వచ్చేశాను.

నా వాడకం: ఆదివారాలు పొద్దున్నే ఫిషింగ్ హార్బరు, ఎర్రమట్టి దిబ్బలు. చలికాలంలో వంజంగి. దసరా వెళ్ళాక విజయనగరం సిరిమానోత్సవం తియ్యాలని ఎప్పట్నుంచో కోరిక. మార్గశిరంలో పిన్ని కూతురి పెళ్ళి. స్టూడియో వాళ్ళు వేరే ఉన్నారు, నేను పక్కనుంచి నాకు తోచినవి తీసుకుంటాను. అప్పుడప్పుడు 4కే వీడియో. రా ప్లస్ జేపెగ్ (దిద్దుకోవడానికి ముడి ఫైలు, చూసుకోవడానికి మామూలు ఫొటో, రెండూ) పెట్టుకోమని అందరూ అంటున్నారు.

అసలు చిక్కు ఇంకోటి. లాప్‌టాప్‌లో ఉన్నదే 256 జీబీ, అందులో ఖాళీ నలభై కూడా లేదు. కార్డు, ఫొటోలు దాచుకునే సామాను అన్నీ కలిపి పదివేలు పెట్టగలను. ఎలా పంచమంటారు?

పెళ్ళిళ్ళ_ప్రసాదు | శనివారం రాత్రి 9:40

తమ్ముడూ, కొనకుండా వచ్చి మంచి పని చేశావు. ముందు ఆ 300 దాన్ని మర్చిపో. అది యూహెచ్‌ఎస్ (కార్డుల వేగం పద్ధతి) రెండో రకం కార్డు. నీ కెమెరాలో ఉన్నది మొదటి రకం స్లాటు. ఆ రెండో వరస పిన్నులకి తగలడానికి స్లాటులో ఏమీ ఉండదు. కార్డు పనిచెయ్యకపోదు, కానీ మొదటి రకం కార్డులాగే పనిచేస్తుంది. ఎక్కువ పెట్టిన డబ్బంతా దండగ.

ఇక ఆ 95, 200 అనేవి చదివే స్పీడ్లు. అంటే కార్డులోంచి లాప్‌టాప్‌లోకి లాగేటప్పటివి. కెమెరాకి కావలసింది రాసే స్పీడు. అది పెద్ద అక్షరాల్లో వెయ్యరు. కార్డు మీద వీ అక్షరం పక్కన చిన్నగా 30 అనో 60 అనో 90 అనో ఉంటుంది చూడు. వీ30 అంటే సెకనుకి 30 ఎంబీ కంటే తగ్గకుండా రాస్తానని హామీ. కప్పులాంటి గుర్తులో 3 అంకె ఉన్నా అదే 30. నీకు వీ30 చాలు.

మొదటి రకం దారిలో లెక్క ప్రకారం వెళ్ళగలిగేదే సెకనుకి 104 ఎంబీ. మరి 200 ఎలా వస్తుందంటే, ఆ కంపెనీ సొంత రీడర్ కొంటే వస్తుంది. మామూలు రీడర్లో పెడితే తొంభై చిల్లర. నీ కెమెరాలో పెట్టినా అంతే.

మురళీనగర్_కిరణ్ | శనివారం రాత్రి 9:58

థాంక్స్ అన్నా. మరి 4కేకి వీ30 సరిపోతుందా? యూట్యూబ్‌లో ఒకాయన వీ90 లేకపోతే వీడియో ఆగిపోతుందని భయపెట్టాడు.

ఎంవీపీ_లక్ష్మి | శనివారం రాత్రి 10:21

ఆయన చెప్పేది వేరే కెమెరాల సంగతి అయ్యుంటుంది. మీ ఏ6400లో 4కే గరిష్ఠం సెకనుకి 100 మెగాబిట్లు. బిట్లు, బైట్లు కలిపేసుకోవడం వల్లే సగం మంది భయపడతారు. ఎనిమిదితో భాగించండి: సెకనుకి 12.5 ఎంబీ. వీ30 కార్డు హామీ ఇచ్చేది 30. రెట్టింపు పైగా జాగా ఉంది. సెకనుకి 400 మెగాబిట్లు రాసే కెమెరాలున్నాయి, వాటికి 50 ఎంబీ కావాలి కాబట్టి వీ60 అడుగుతాయి. మీకు అక్కర్లేదు.

అదే లెక్కన నిమిషానికి 750 ఎంబీ. 64 జీబీ కార్డులో గంటా ఇరవై నిమిషాల చిల్లర వీడియో పడుతుంది. ఫొటోలైతే మీ 24 మెగాపిక్సెల్ రా ఒక పాతిక ఎంబీ, జేపెగ్ పదో పరకో. రెండూ కలిపి 35 అనుకుంటే 128 జీబీలో మూడున్నర వేల పైచిలుకు ఫొటోలు. పెళ్ళంతా తీసినా మిగులుతుంది.

కొండకర్ల_పిట్ట | ఆదివారం ఉదయం 6:05

సిరిమాను సంగతి ఎవరూ అనలేదు కాబట్టి నేను చెప్తా. అక్కడ అందరూ చేసేది ఒకటే: పూజారి కూర్చున్న ఆ పొడవాటి మాను కదలగానే వేలు నొక్కి పట్టుకోవడం. ఈ కెమెరా సెకనుకి 11 ఫ్రేములు తీస్తుంది. రాలో పాతిక ఎంబీ చొప్పున సెకనుకి 275 ఎంబీ పుడుతోంది. నీ స్లాటులోంచి పోగలిగేది వంద లోపే. మిగిలిందంతా కెమెరాలోని తాత్కాలిక మెమరీలో (బఫర్) పోగుపడి, అది నిండగానే కెమెరా నత్తనడక. ఎంత ఖరీదైన కార్డు పెట్టినా దీన్ని తప్పించలేవు, కాస్త ఆలస్యం చెయ్యగలవంతే.

కార్డుకంటే వేలిని అదుపులో పెట్టుకోవడం ముఖ్యం. మానుమీద పూజారి దగ్గరికొచ్చేదాకా ఊరుకుని, ఒక సెకను, సెకనున్నర నొక్కి వదిలెయ్. కోటకీ గుడికీ మధ్య మూడు తిరుగుళ్ళు తిరుగుతుంది, ఒకటి పోతే ఇంకోటుంది. తీశాక కార్డు తలుపు దగ్గర ఎర్ర దీపం ఆరేదాకా ఆ తలుపు తియ్యకు. జనం తోపులాటలో కార్డు మార్చే పని అసలే పెట్టుకోకు.

అందుకే నా ఓటు: ఒకటే 256 జీబీ కార్డు. లోపల పెట్టి మర్చిపో.

(హార్బరులో తీసేటప్పుడు నేవీ వైపు లెన్సు తిప్పకు. కెమెరా చేతిలోంచి తీసేసుకున్న సందర్భాలు చూశాను.)

పెళ్ళిళ్ళ_ప్రసాదు | ఆదివారం మధ్యాహ్నం 1:30

పిట్టగారూ, ఇక్కడ మీతో పేచీ. ఒకటే 256 అంటే, అది పోయిన రోజు మొత్తం పోతుంది. పెళ్ళిలో జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ ఒకే ముక్కలో పెట్టుకుని తిరగడానికి గుండె ధైర్యం కావాలి. మాకు రెండు స్లాట్ల బాడీలు కాబట్టి ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది. ఈ అబ్బాయిది ఒకటే స్లాటు. చిన్న కార్డులు నాలుగు పెట్టుకుని ఒక్కో ఘట్టానికి మారిస్తే, పోయినా పావు వంతే పోతుంది.

కొండకర్ల_పిట్ట | ఆదివారం మధ్యాహ్నం 2:10

కార్డు దానంతటది చచ్చిపోవడం మీరెన్నిసార్లు చూశారు ప్రసాదుగారూ? నేను చూసినవన్నీ చేతివాటం వల్ల పోయినవే. జేబులోంచి జారిపోయింది, ప్యాంటుతోపాటు వాషింగ్ మెషీన్లో పడింది, నిండినదీ ఖాళీదీ కలిసిపోయి నిండినదాన్నే ఫార్మాట్ కొట్టేశారు. నాలుగు కార్డులంటే ఇలాంటి ప్రమాదం నాలుగింతలు. కెమెరాలోంచి బయటికి రాని కార్డు ఎక్కడికి పోతుంది?

పెళ్ళిళ్ళ_ప్రసాదు | ఆదివారం మధ్యాహ్నం 2:25

కెమెరాతో సహా పోతుంది. ఆర్కే బీచిలో నేవీ విన్యాసాలకి ఆ జనంలో నిలబడండి, అప్పుడు చెప్తాను.

కలిసిపోవడానికి మందుంది. వాడని కార్డు బొమ్మ పైకి, నిండిన కార్డు పిన్నులు పైకి. పెట్టెలో ఇలా పెట్టే అలవాటు మా కుర్రాళ్ళకి మొదటి రోజే నేర్పుతాం. చీకటి మండపంలో కూడా వేలితో తడిమి చెప్పొచ్చు.

ఎంవీపీ_లక్ష్మి | ఆదివారం సాయంత్రం 5:44

ఇద్దరికీ మధ్యలో రెండు 128లు పెట్టండి, గొడవ తీరిపోతుంది. సిరిమానుకి ఒకటి చాలు. పెళ్ళికి ముహూర్తం దాకా ఒకటి, తర్వాత ఇంకొకటి. ధరలో కూడా ఇప్పుడు 64కీ 128కీ పెద్ద తేడా ఉండటం లేదు.

అంతకంటే ముఖ్యమైంది నకిలీలు. ఆన్‌లైన్లో సగం ధరకి కనిపించేవాటిలో కవరు, హోలోగ్రామ్ అచ్చు గుద్దినట్టుంటాయి. లోపల 16 జీబీ చిప్ పెట్టి, కెమెరాకి "నేను 128" అని చెప్పేలా దాని లోపలి ప్రోగ్రాం (ఫర్మ్‌వేర్) మార్చేస్తారు. నాలుగు గదుల ఇల్లని బోర్డు పెట్టి లోపల ఒకటే గది కట్టినట్టు. 16 నిండేదాకా అంతా బాగానే నడుస్తుంది. తర్వాత తీసినవి పాతవాటిమీదే పడతాయి, లేదా ఎక్కడికీ వెళ్ళవు. ఇంటికొచ్చి చూస్తే ఫైలు పేరుంటుంది, తెరిస్తే బూడిద రంగు.

కొన్న రోజే పరీక్ష చెయ్యండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం, మ్యాక్, లైనక్స్‌లో ఎఫ్3. ఇవి కార్డును చివరిదాకా డేటాతో నింపి, మళ్ళీ చదివి సరిపోల్చుతాయి. 128కి మంచి రీడరుంటే గంట పడుతుంది. రిటర్న్ గడువు లోపలే చేసుకోవాలి.

ఇంకొకటి, 128 కార్డు పెడితే విండోస్ 119 చూపిస్తుంది. అది మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది. దీనికోసం షాపువాడితో దెబ్బలాడిన వాళ్ళున్నారు.

గాజువాక_శీను | ఆదివారం రాత్రి 8:02

ఏటి గురూ ఇంత రచ్చ. పాత ఫోన్లో 128 మైక్రో ఎస్‌డీ ఖాళీగా ఉంటాది కదా, అడాప్టర్లో దోపీసి వాడీసుకుంటే అయిపోద్ది కదా?

ఎంవీపీ_లక్ష్మి | ఆదివారం రాత్రి 8:30

శీనుగారూ, దానిమీద వీ30 గానీ యూ3 (ఆ కప్పు గుర్తులో 3) గానీ ఉంటే నడుస్తుంది. ఏ1, ఏ2 అని ఉంటే అది ఫోన్లో యాప్‌ల కోసం, కెమెరాకి సంబంధం లేదు. కానీ అడాప్టర్ పెడితే కార్డుకీ కెమెరాకీ మధ్య ఇంకో జత పిన్నులు చేరతాయి. మన ఊళ్ళో ఉప్పుగాలికి ఆ చవక అడాప్టర్లు ఊరికే మొరాయిస్తాయి. అత్యవసరానికి సంచీలో ఉంచుకోండి, పెళ్ళికి మాత్రం వద్దు.

గాజువాక_శీను | ఆదివారం రాత్రి 8:33

పిన్నులకి పెన్సిల్ రబ్బరెట్టి రుద్దీస్తే తళతళ.

కొండకర్ల_పిట్ట | ఆదివారం రాత్రి 8:51

వద్దయ్యా బాబూ. ఆ పిన్నుల మీద ఉన్నది పల్చటి బంగారు పూత. రుద్దితే అది పోయి కింద లోహం బయటపడుతుంది, ఇక తుప్పుకి పండగే. రబ్బరు పొడి స్లాటులో పడితే ఇంకో తలనొప్పి. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చెవిపుల్లకి కాస్త అద్ది తుడిచి, ఆరనిచ్చి పెట్టు. అసలు బీచిలో ఇసక గాలిలో కార్డు తియ్యకపోతే ఆ అవసరమే రాదు.

సీతమ్మధార_చిన్ను | ఆదివారం రాత్రి 9:15

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా మావయ్య పాత డిజిటల్ కెమెరా ఇచ్చాడు, 2005 నాటిది. ఫొటోల రంగులు భలే ఉన్నాయి. కానీ 64 జీబీ కార్డు పెడితే కార్డు ఎర్రర్ అంటోంది. కెమెరా పాడైందా?

పెళ్ళిళ్ళ_ప్రసాదు | ఆదివారం రాత్రి 9:32

కెమెరా బాగానే ఉంటుంది చిన్నూ. 32 జీబీ దాకా వచ్చే ఎస్‌డీహెచ్‌సీ పద్ధతి వచ్చిందే 2006లో. అంతకుముందు కెమెరాలకి మామూలు ఎస్‌డీ తప్ప వేరేది తెలీదు. 2 జీబీ కార్డు వెతుకు. కొత్తవి దొరకడం కష్టం, పాత ఫోన్లు బాగుచేసే వాళ్ళ దగ్గర డబ్బాలో పడుంటాయి. అన్ని మెగాపిక్సెల్లూ లేని కెమెరా కదా, 2 జీబీలో వందలకొద్దీ పడతాయి.

పెదవాల్తేరు_మూర్తి | సోమవారం ఉదయం 7:20

కిరణ్ బాబూ, అందరూ కార్డు గురించే మాట్లాడుతున్నారు. నువ్వడిగిన రెండో ప్రశ్న దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. నా మటుకు నాకు అదే అసలు ప్రశ్న. కార్డులో ఫొటో ఉండేది ఒకపూటో రెండుపూటలో. తర్వాత పాతికేళ్ళు ఉండవలసింది ఇంకెక్కడో. పదివేలలో రెండున్నర, మూడువేలకంటే కార్డులమీద పెట్టకు. మిగిలిందంతా రెండో కాపీకి ఖర్చు చెయ్యి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మన ఊరిమీదే తీరం దాటింది. మా ఎదురు అపార్టుమెంటులో నాలుగో అంతస్తు అబ్బాయికి ఫొటోల పిచ్చి. బుద్ధిమంతుడు, అన్నీ రెండేసి హార్డ్ డిస్కుల్లో పెట్టుకునేవాడు. రెండూ కిటికీ పక్క బల్ల సొరుగులోనే. సముద్రం వైపు అద్దాలు పగిలి ఆ గదిలోకి గంటల తరబడి వాన కొట్టింది. రెండు డిస్కులూ కలిసే నానాయి. ఉప్పు నీటి వాన, మీకు తెలియనిది కాదు. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు, ఆరబెట్టి చూసుకునే దారి కూడా లేదు. అతని దగ్గర పెళ్ళి ఫొటోలు మిగిలాయంటే, రాజమండ్రిలో అత్తవారికి ఒక పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు కాబట్టి.

ఒకే సొరుగులో రెండు కాపీలుంటే తుఫానుకీ దొంగకీ అది ఒక్క కాపీయే. మూడు కాపీలు, రెండు రకాల సామాను, ఒకటి వేరే చోట అని వృత్తి ఫొటోగ్రాఫర్లు చెప్పే 3-2-1 లెక్క అందుకే.

మురళీనగర్_కిరణ్ | సోమవారం ఉదయం 9:05

మూర్తిగారూ, అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. పాల ప్యాకెట్ కోసం నాన్నగారితో క్యూలో నిలబడ్డం గుర్తుంది. డిస్కుల కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు.

వేరే చోట అంటే గూగుల్ ఫొటోస్‌లో పడేస్తే అయిపోతుంది కదండీ?

ఎంవీపీ_లక్ష్మి | సోమవారం మధ్యాహ్నం 1:12

కొంతవరకు. అపరిమితంగా ఉచితం అన్నది 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడు 15 జీబీ, అదీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి. మీ రా ప్లస్ జేపెగ్ నాలుగు వందల ఫొటోలకి అయిపోతుంది. స్టోరేజ్ సేవర్ పెడితే 16 మెగాపిక్సెళ్ళకి కుదించేస్తుంది, మీది 24. చూసుకోవడానికి పర్వాలేదు. పెద్ద ప్రింటు తీయించాలన్నా, రా ఫైలు మళ్ళీ దిద్దుకోవాలన్నా పనికిరాదు.

డబ్బు కట్టి ఎక్కువ జాగా తీసుకోవచ్చు. అప్పుడు అప్‌లోడ్ లెక్క చూసుకోండి. మీ కనెక్షన్ అప్‌లోడ్ సెకనుకి 20 మెగాబిట్లు అనుకుంటే 100 జీబీ ఎక్కడానికి పదకొండు గంటలు. నేను చేసేది ఏమిటంటే, ఏరిన ఫొటోలు మాత్రమే ఒరిజినల్ క్వాలిటీలో పైకి పంపిస్తా. వంద తీస్తే ఏరగా మిగిలేవి పదిహేనో ఇరవయ్యో. మిగతావి డిస్కులోనే ఉంటాయి.

బంధువులకి వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే నలిపేస్తుంది. కొన్నాళ్ళకి డిస్కు పోయి, పిన్నిగారి ఫోన్లోంచి తిరిగి తెచ్చుకోవలసి వస్తే ఆ తేడా తెలుస్తుంది.

మధురవాడ_టెకీ | సోమవారం సాయంత్రం 6:40

ఇదంతా ఎందుకు, రెండు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్కుకి తగిలించే డిస్కుల పెట్టె) పెట్టి రెయిడ్ వన్ వేసుకుంటే ఒకదాన్లో రాసింది రెండోదాన్లో దానంతటదే పడుతుంది. పని అయిపోయింది.

ఎంవీపీ_లక్ష్మి | సోమవారం సాయంత్రం 6:58

పొరపాటున ఒక ఫోల్డరు చెరిపేస్తే రెండోదాన్లో కూడా దానంతటదే చెరుగుతుంది. డిస్కు చెడిపోయినా పని ఆగకుండా ఉండటానికి రెయిడ్ మంచిదే. బ్యాకప్ అనడానికి లేదు. పైగా పదివేల బడ్జెట్ అన్నారు ఆయన.

పెదవాల్తేరు_మూర్తి | సోమవారం రాత్రి 7:45

హార్డ్ డిస్కా, చిప్‌లతో చేసిన ఎస్‌ఎస్‌డీనా అని తర్వాతి ప్రశ్న వస్తుంది కాబట్టి ముందే చెప్తాను. ఇంట్లో పెట్టి దాచుకోవడానికి తిరిగే హార్డ్ డిస్కే. అదే డబ్బుకి ఎక్కువ జాగా వస్తుంది. కింద పడెయ్యకూడదు, తిరుగుతున్నప్పుడు కదపకూడదు. ఎస్‌ఎస్‌డీ కింద పడినా తట్టుకుంటుంది, ప్రయాణాలకి బాగుంటుంది. కానీ కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడెయ్యడానికి అది తయారుచేసింది కాదు, లోపలి కణాల్లో విద్యుదావేశం మెల్లగా జారిపోతుంది. మెమరీ కార్డూ, పెన్‌డ్రైవూ కూడా ఆ జాతివే. అందుకే నిండిన కార్డులనే పేర్లు రాసి దాచుకునే పద్ధతి నాకు నచ్చదు.

ఏ డిస్కునైనా మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టు. ఆరు నెలలకోసారి తీసి, తగిలించి, నాలుగు ఫొటోలు తెరిచి చూడు. నా దగ్గర 2000ల నాటి సీడీలున్నాయి, పిల్లల పుట్టినరోజులవి. సగం చదవట్లేదు, చదివేవాటికి డ్రైవున్న లాప్‌టాప్ ఎవరింట్లోనూ లేదు.

పెళ్ళిళ్ళ_ప్రసాదు | సోమవారం రాత్రి 10:16

కాపీ చేసేటప్పుడు ఒక సంగతి, సోనీ వాడేవాళ్ళకి ప్రత్యేకంగా. కార్డు తెరవగానే డీసీఐఎం అనే ఫోల్డరు కనిపిస్తుంది. అందరూ అదొక్కటే లాగేసుకుంటారు. నీ 4కే వీడియోలు అందులో ఉండవు. ప్రైవేట్ అని ఇంకో ఫోల్డరు, దాన్లో ఎం4రూట్, దాన్లో క్లిప్. అక్కడుంటాయి. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు డీసీఐఎం కాపీ చేసి "అయిపోయిందన్నా" అని కార్డు ఫార్మాట్ కొట్టాడు. సంగీత్ వీడియో మొత్తం ప్రైవేట్‌లో ఉంది.

అదృష్టం ఏమిటంటే మామూలు ఫార్మాట్ విషయసూచికని చెరిపేస్తుంది, లోపలి డేటా అక్కడే ఉంటుంది, దానిమీద ఇంకోటి రాసేదాకా. వెంటనే కార్డు బయటికి తీసి ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో లాగాం. ఫైలు పేర్లన్నీ పోయాయి, వీడియోలు చాలావరకు వచ్చాయి. అదే కార్డుతో ఇంకో పది నిమిషాలు తీసుంటే అవీ వచ్చేవి కావు. ఎవరికైనా ఇలా జరిగితే ముందు కెమెరా ఆపి కార్డు తీసెయ్యండి, మిగతాది తర్వాత.

కాబట్టి పద్ధతి ఇది. కార్డు కార్డంతా ఒక తేదీ ఫోల్డర్లోకి కాపీ చెయ్యి. విండోస్‌లో టెరాకాపీ పెట్టుకుంటే కాపీ అయ్యాక సరిపోల్చి చూస్తుంది. రెండు చోట్ల పడ్డాకే కార్డు ఖాళీ చెయ్యాలి, అదీ లాప్‌టాప్‌లో కాదు, కెమెరా మెనూలో ఫార్మాట్.

ఎంవీపీ_లక్ష్మి | సోమవారం రాత్రి 10:31

కాపీకి రీడర్ కూడా చూసుకోండి కిరణ్ గారూ. పాత యూఎస్‌బీ 2 రీడరైతే సెకనుకి 35 ఎంబీ వస్తే గొప్ప. 64 జీబీకి అరగంట. యూఎస్‌బీ 3 రీడర్, చాలా లాప్‌టాపుల్లో లోపల నీలం రంగుండే పోర్టు, అదే పని పన్నెండు నిమిషాల్లో. ఖరీదైన కార్డు కొని నల్ల పోర్టులో పెట్టి "స్లోగా ఉంది" అనేవాళ్ళు ఈ ఫోరంలోనే బోలెడుమంది.

మురళీనగర్_కిరణ్ | శుక్రవారం రాత్రి 8:50

అందరికీ అప్‌డేట్. 128 జీబీ వీ30 కార్డులు రెండు, యూఎస్‌బీ 3 రీడర్ ఒకటి, 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఒకటి తీసుకున్నాను. బిల్లుతో, సీలుతో. మా బావ పాత లాప్‌టాప్‌లోంచి 500 జీబీ డిస్కు ఊడదీసి ఇచ్చాడు, దానికి యూఎస్‌బీ కేసు తగిలించాను. అది రెండో కాపీ. అనకాపల్లిలో పెద్దమ్మ వాళ్ళింట్లో పెడతాను, నెలకోసారి ఎలాగూ వెళ్తాం. ఏరినవి గూగుల్‌లోకి.

రెండు కార్డులూ పరీక్ష చేశాను. మొదటిది ఎర్రర్లు లేకుండా ముగిసింది, రాయడం 62, చదవడం 88. రెండోది కూడా ఎర్రర్లు లేవు కానీ చదవడం 34 దగ్గరే ఆగింది. నకిలీ అంటారా? ఇంకొకటి, ఒక కార్డు పెడితే ఆ కార్డు లాక్ అయిందని కెమెరా అంటోంది.

ఎంవీపీ_లక్ష్మి | శుక్రవారం రాత్రి 9:03

రెండోసారి రీడర్ని ఏ పోర్టులో పెట్టారు? 34 అంటే యూఎస్‌బీ 2 వాసన కొడుతోంది. పోర్టు మార్చి చూడండి. లోపల జాగా తక్కువున్న నకిలీ అయితే ఎర్రర్లు వచ్చి తీరతాయి.

పెళ్ళిళ్ళ_ప్రసాదు | శుక్రవారం రాత్రి 9:10

లాక్ అంటే కార్డు ఎడమ పక్క చిన్న తెల్ల గొళ్ళెం కిందకి జారుంటుంది, పైకి తొయ్యి. అది మరీ వదులుగా ఉండి, పెట్టిన ప్రతిసారీ జారుతుంటే షాపులో మార్పించుకో. లోపల అది దేనికీ తగల్దు, స్లాటులో ఉన్న స్విచ్చి దాని స్థానం చూసి లాక్ అనుకుంటుంది అంతే. పాతబడి గొళ్ళెం ఊడిపోయిన కార్డులకి ఆ గాడిలో సన్నటి టేపు ముక్క అంటించి వాడేవాళ్ళున్నారు. కొత్తదానికి ఆ అవస్థ ఎందుకు.

మురళీనగర్_కిరణ్ | శుక్రవారం రాత్రి 9:26

పోర్టే! నీలందాంట్లో పెడితే 87 వచ్చింది. గొళ్ళెం కూడా జరిపాను, ఇప్పుడు తీస్తోంది.

పెదవాల్తేరు_మూర్తి | శుక్రవారం రాత్రి 9:40

మంచిది బాబూ. బావగారిచ్చిన పాత డిస్కు ఎన్నేళ్ళదో కనుక్కో. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో దాని ఆరోగ్యం ఒకసారి చూసుకుని, పసుపు రంగు చూపిస్తే దాన్ని నమ్ముకోకు. ఇక అనకాపల్లి కాస్త దగ్గరే, హుద్‌హుద్ అక్కడా చెట్లు పడగొట్టింది. అయినా మీ ఇల్లూ ఆ ఇల్లూ ఒకే రోజు నానవులే. అల్మరాలో పై అరలో పెట్టమను.

గాజువాక_శీను | శుక్రవారం రాత్రి 10:05

అన్నీ బాగున్నాయి గానీ, కార్డులు ఏ షాపులో కొన్నావో, ఎంతకిచ్చాడో అది సెప్పు గురూ. నాకూ రెండు కావాల.

నిర్వాహకుడు | శుక్రవారం రాత్రి 10:12

షాపు పేర్లు, ధరలు ఇక్కడ వద్దు శీనుగారూ, కొనుగోళ్ళ విభాగంలో అడగండి. సీతమ్మధార_చిన్ను పాత కెమెరా ప్రశ్నని వేరే చర్చగా మార్చాను. 2 జీబీ కార్డులు ఎవరి దగ్గరైనా ఉంటే అక్కడ రాయండి.